ముసురు పట్టిన ఆర్నెల్లు

తుపానుకి పేరుంటుంది. ముసురుకి ఉండదు.

తుపానొస్తే హడావిడి ఉంటుంది. టీవీలో ఎర్ర అక్షరాలు, సముద్రం ఒడ్డున గొడుగు తిరగబడ్డ రిపోర్టరు, స్కూళ్లకి సెలవు, స్టేటస్‌ల నిండా ఊగిపోయే కొబ్బరిచెట్లు. రెండ్రోజుల్లో అది దాటిపోతుంది, మనం ఇంకో వార్తలోకి వెళ్లిపోతాం. ముసురు అలా కాదు. నిద్ర లేచేసరికి పడుతూ ఉంటుంది, పడుకునేటప్పుడూ పడుతూనే ఉంటుంది. గట్టిగా కురవదు, పూర్తిగా ఆగదు. ఆరేసిన జీన్స్ మూడో రోజుకి కూడా నడుం దగ్గర చెమ్మగానే ఉంటుంది. డబ్బాలో ఉప్పు ముద్దకడుతుంది, అగ్గిపుల్ల వెలగదు, బీరువాలో తోలు బెల్టుకి తెల్లగా బూజు పడుతుంది.

మా ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపు ఈ తడి కాలం జూన్‌లో నైరుతి రుతుపవనాలతో మొదలవుతుంది. అక్టోబరులో ఈశాన్యం చేతికి వెళ్తుంది. డిసెంబరు సగం దాకా నడుస్తుంది. మా అమ్మమ్మ దీన్ని నెలల్లో లెక్కపెట్టదు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అంటూ స్వాతి, విశాఖ దాకా కార్తెల్లో లెక్కపెడుతుంది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి స్ప్రింట్లలో లెక్కపెడతాను. కార్తె అంటే దాదాపు పద్నాలుగు రోజులు, మా స్ప్రింటూ పద్నాలుగు రోజులే. ఇద్దరి క్యాలెండరూ ఒకటే. తేడా ఏంటంటే, నా స్ప్రింట్‌లో పని మిగిలిపోతే వచ్చే స్ప్రింట్‌కి తోసేయొచ్చు. స్వాతి కార్తెలో కంకి మీదున్న వరి వచ్చే కార్తె దాకా నీళ్లలో ఆగదు.

ఈ వారం ఆ ఆర్నెల్ల గురించే.

డబ్లిన్ వాన, ఏలూరు వాన

మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో ఒకడు డబ్లిన్‌లో ఉంటాడు. నవంబరు నుంచి మార్చి దాకా వాడి వాయిస్ మెసేజ్‌లన్నిటిదీ ఒకటే సారాంశం: 'ఒరేయ్, సూర్యుణ్ణి చూసి వారమైందిరా.' డిసెంబరులో అక్కడ ఎనిమిదిన్నర దాటాక తెల్లారుతుంది, సాయంత్రం నాలుగు దాటితే చీకటి. మధ్యలో సన్నగా వాన. మనం ముసురు అంటామే, అలాంటి రోజుని అక్కడివాళ్లు 'సాఫ్ట్ డే' అంటారట. ఎంత మర్యాదో చూడండి.

నిజానికి కొలిచి చూస్తే వానలో మనమే ముందున్నాం. డబ్లిన్‌లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 750 మిల్లీమీటర్లు. ఆంధ్రప్రదేశ్ సగటు 900 దాటుతుంది. కాకపోతే వాళ్ల వాన వాయిదాల్లో వస్తుంది. ఐర్లండ్ తూర్పు తీరంలో ఏడాదికి 150 రోజులు, పడమట కొన్నిచోట్ల 225 రోజులు కనీసం ఒక మిల్లీమీటరైనా పడుతుంది. మన వాన ఒకేసారి మొత్తం బాకీ తీర్చేసే రకం. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే 'భారీ', 115.6 దాటితే 'అతి భారీ', 204.5 దాటితే 'అత్యంత భారీ'. అంటే మనకొక్క 'అత్యంత భారీ' రోజు పడిందంటే డబ్లిన్ ఏడాది వానలో పావు వంతు కంటే ఎక్కువ ఒక్క రోజులో దిగినట్టు.

తుపాన్లకి పేర్లు పెట్టడంలో కూడా మనమే సీనియర్లం. బంగాళాఖాతం, అరేబియా సముద్రం తుపాన్లకి 2004 నుంచే పేర్లున్నాయి. ఐర్లండ్, బ్రిటన్ కలిసి పేర్లు పెట్టడం మొదలుపెట్టింది 2015లో. రంగుల హెచ్చరికలు మాత్రం ఇద్దరికీ ఒకటే: ఎల్లో, ఆరెంజ్, రెడ్. 2025 జనవరి 24న ఎయోవిన్ అనే తుపాను ఐర్లండ్‌ని తాకినప్పుడు దేశమంతా రెడ్ వార్నింగ్. పడమటి తీరంలో గాలి గంటకి 183 కిలోమీటర్లు తాకింది, అది అక్కడ రికార్డు. 7 లక్షల 68 వేల కనెక్షన్లకి కరెంటు పోయింది. ఆ వారం మా వాడు మొట్టమొదటిసారి మా అమ్మని ఫోన్లో అడిగాడు: 'పిన్నీ, కరెంటు లేకపోతే మీరు ఏం చేస్తారు?' మా అమ్మకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. కొవ్వొత్తి వెలిగిస్తాం, ఇంకేం చేస్తాం?

ఇక్కడిదాకా సరదా. అసలు తేడా ఇప్పుడు చెబుతాను. మా వాడికి చలికాలమంటే మనసుకి కష్టం, బట్టలకి కష్టం. జీతం మాత్రం ఒకటో తారీఖున పడుతుంది. మా మావయ్యకి ఆ ఆర్నెల్లే జీతం.

ఇన్‌పుట్లు అరవై ఎనిమిది, అవుట్‌పుట్ ఒకటి

మ్యాప్ తెరిచి కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య చూడండి. రెండు డెల్టాలూ పళ్లేల్లా బోర్లా ఉంటే మధ్యలో మిగిలిన గుంట కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటికి తోడు పొలాల్లోంచి వచ్చే డ్రెయిన్లు, అన్నీ కలిపితే కొల్లేట్లోకి దిగే కాలవలు 68 అని చెబుతారు. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది 60 కిలోమీటర్లకి పైగా వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఇన్‌పుట్లు అరవై ఎనిమిది, అవుట్‌పుట్ ఒకటి. మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి సిస్టమ్ డిజైన్ చేసుకొస్తే రివ్యూలోనే ఆపేస్తాం. కానీ ప్రకృతి ఇక్కడ పెద్ద బఫర్ ఇచ్చింది. ఆ బఫరే సరస్సు. ఎగువ నుంచి వచ్చిన వరదని సరస్సు పట్టి ఉంచుతుంది, ఉప్పుటేరు తీరిగ్గా సముద్రానికి దించుతుంది. బఫర్‌లో చెరువు గట్లు వేసుకుంటూ పోతే, ఉప్పుటేరులో పూడిక పేరుకుంటే, వంతెన ఖానాల్లో గుర్రపు డెక్క అడ్డం పడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

దీనికి తోడు వాలు దాదాపు లేదు. నేల సముద్రమట్టానికి ఏ కొద్ది అడుగులో ఎత్తు. పోటు సమయంలో సముద్రం నీళ్లని తీసుకోదు. తుపాను రోజుల్లో అసలే తీసుకోదు. సరిగ్గా మనకి ఎక్కువ నీళ్లు బయటికి పోవాల్సిన రోజునే తలుపు మూసుకుంటుందన్నమాట.

అందుకే మా వైపు వరదకి ఒక వింత గుణం ఉంది. అది ఆలస్యంగా వస్తుంది, ఆలస్యంగా పోతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. దేశమంతా చూసింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలారు. పడవలు, డ్రోన్లతో భోజనం, గండ్లు పూడ్చడానికి సైన్యం, అన్నీ చూశాం. తర్వాత విజయవాడలో నీళ్లు తగ్గాయి, కెమెరాలు వెళ్లిపోయాయి. ఆ బుడమేరు నీళ్లు ఎక్కడికి వెళ్లాయి? కొల్లేటికి. ఆకాశం విప్పారి ఎండ కాస్తున్న రోజుల్లో కైకలూరు, మండవల్లి, ఏలూరు మండలాల లంకల్లో నీళ్లు ఎక్కడం మొదలుపెట్టాయి. ఏలూరు-కైకలూరు రోడ్డు ఎడ్లగాడి దగ్గర మునిగితే అవతలికి వెళ్లాలంటే హనుమాన్ జంక్షన్, గుడివాడ చుట్టు తిరగాలి. లంక గ్రామాలకైతే ఆ చుట్టూ ఉండదు, పడవే.

తమ్మిలేరుదీ అదే కథ. అది ఖమ్మం వైపు మెట్టలో పుట్టి, చింతలపూడి మీదుగా వచ్చి, ఏలూరు దగ్గర రెండుగా చీలి ఊరికి అటొక పాయ, ఇటొక పాయగా పోతుంది. 2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటినప్పుడు ఏలూరులో కాలనీలు మునిగింది ఈ తమ్మిలేరు వల్లే. తాడేపల్లిగూడెం వాళ్లకి ఎర్రకాలువ ఉంది. అది కొల్లేటికి రాదు, యనమదుర్రు డ్రెయిన్ పట్టుకుని పోతుంది. కానీ జంగారెడ్డిగూడెం ఏజెన్సీ అంచున గట్టిగా పడితే నందమూరు అక్విడక్టు దగ్గర పొలాలు చెరువులైపోతాయి. కొన్నేళ్లు నాట్లు వేసిన వారానికే ఆ నాట్లు కనిపించవు.

ఉప్పునీళ్లు చల్లే రోజులు

మా మావయ్యది నిడమర్రు మండలం. సొంతానికి అర ఎకరం, కౌలుకి నాలుగెకరాలు. వేసేది స్వర్ణ, అంటే ఎంటీయూ 7029. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన రకం. తర్వాత ముంపుని తట్టుకునే రకాలూ అక్కడి నుంచే వచ్చాయి. కానీ ముంపుని తట్టుకోవడం వేరు, కోతకొచ్చిన పైరు పడిపోయి వారం నీళ్లలో ఉండటం వేరు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. మయన్మార్ పెట్టిన ఆ పేరుని మిచౌంగ్ అనాలా, మిగ్‌జాం అనాలా అని టీవీల్లో చర్చ నడుస్తుండగా, మా మావయ్య కోసిన పనల మీద పరదాలు కప్పుతున్నాడు. సార్వా కోతలు సగం అయిన సమయం. కోసినవి చేలో తడిశాయి, కోయనివి నేలకి అంటుకుపోయాయి. గాలి ఒక రాత్రిలో పోయింది. ముసురు పోలేదు.

తడిసిన కంకి మీద గింజ మొలకెత్తుతుంది. అది ఆపడానికి వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే ఉపాయం ఒకటుంది. లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి పనల మీద, కంకుల మీద చల్లాలి. ఆ వారం ఊళ్లో కిరాణా కొట్లలో ఉప్పు బస్తాలు దొరకలేదు. మా మరదలు డిగ్రీ సెకండియర్. స్ప్రేయర్ వీపుకి తగిలించుకుని చేలో దిగింది. నాకు ఫోన్ చేసి, 'బావా, అన్నంలో వేసుకునే ఉప్పు కంటే చేలో వేసిందే ఎక్కువ ఈ ఏడు' అంది. నవ్వుతూనే అంది.

ధాన్యం గట్టెక్కాక ఇంకో పరీక్ష. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉండాలి. ముసురులో 17 ఎక్కడి నుంచి వస్తుంది? ఎండే లేదు కదా. అందుకే నవంబరు, డిసెంబరుల్లో మా రోడ్లకి సగం వెడల్పే ఉంటుంది, మిగతా సగం ధాన్యానిది. మబ్బు తేలితే పరదా తీయడం, చినుకు పడితే కప్పడం. రోజుకి పదిసార్లు. రాత్రి ఒకరు అక్కడే నులకమంచం వేసుకుని పడుకోవడం. బైక్ మీద వెళ్తూ ఈ ధాన్యాన్ని తిట్టుకునే వాళ్లని చూస్తుంటాను. ఒక్కసారి దిగి, ఆ పరదా అంచు పట్టుకుని అటువైపు లాగండి. పది నిమిషాల్లో తెలుస్తుంది.

చేపల చెరువుల వాళ్లకి వానలో ఏం నష్టం, నీళ్లే కదా అంటారు కొందరు. వాళ్లకి గట్టు తెగడం ఒక భయమైతే, మబ్బు ఇంకో భయం. చెరువులో ఆక్సిజన్ చాలావరకు నీటిలోని పచ్చటి నాచు ఎండలో తయారుచేసిందే. రెండు మూడు రోజులు ఎండ లేకపోతే తయారీ పడిపోతుంది, వాడకం మాత్రం రాత్రంతా నడుస్తుంది. తెల్లవారుజాముకి నీళ్లలో ఊపిరి అడుగంటుతుంది. బొచ్చె, శీలావతి పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి అందుకోవడానికి చూస్తాయి. ఆ సమయానికి కరెంటు లేక ఏరేటర్ తిరగకపోతే, డీజిల్ ఇంజనైనా అందకపోతే, ఏడాది పెట్టుబడి పొద్దెక్కేసరికి తెల్లగా తేలుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు ముసురు రాత్రుల్లో చెరువు గట్ల మీద టార్చిలైట్లు తిరుగుతుండేది ఇందుకే.

ఈ కాలాన్ని ఇష్టపడే వాళ్లు కూడా మా దగ్గర ఉన్నారు. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు. అటవీశాఖ నీళ్లలో పాతిన ఇనప స్టాండ్ల మీద కూడా గూళ్లు కట్టుకుని, మనం వాన తిట్టుకుంటున్న రోజుల్లో పిల్లల్ని పెంచుకుంటాయి.

రాస్‌కామన్‌లో ఒక కొల్లేరు

డబ్లిన్ మిత్రుడు ఈమధ్య ఒక సంగతి చెప్పాడు. ఐర్లండ్ నడిమధ్యన రాస్‌కామన్ కౌంటీలో లాక్ ఫన్‌షినా అనే సరస్సు ఉంది. దానికి ఏరు రూపంలో బయటికి దారి లేదు. నీళ్లు నేల కింద సున్నపురాతి రంధ్రాల్లోంచి జారిపోవాలి. వరుసగా తడి చలికాలాలు వచ్చి, ఆ రంధ్రాలు తీసుకునే దానికంటే ఎక్కువ నీళ్లు చేరి, కొన్నేళ్లుగా చుట్టూ ఇళ్లు మునుగుతున్నాయి. 2021లో కౌంటీ కౌన్సిల్ పైపు వేసి నీటిని పక్క సరస్సుకి తోడేద్దామని పని మొదలుపెట్టింది. ఫన్‌షినా యూరప్ చట్టాల కింద రక్షిత ప్రాంతం. పర్యావరణ అనుమతుల ప్రకారం జరగలేదని కేసు పడింది, పని ఆగింది. తర్వాత అత్యవసరంగా పంపులు పెట్టారు.

వింటుంటే నాకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. కొల్లేట్లో 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలకి చేపల చెరువుల కోసం భూములిచ్చింది. వాటి వెనకే పెద్దవాళ్ల చెరువులు వచ్చాయి. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు దాకా, దాదాపు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు పేల్చారు. ఆ తర్వాత కొన్ని గట్లు మళ్లీ లేచాయి. కాంటూరు 5 ఉండాలా, 3కి తగ్గించాలా అన్న వాదన ఇప్పటికీ ప్రతి ఎన్నికలకీ లేస్తుంది.

నాకు ఇందులో ఒక పక్షం వాళ్లు చెడ్డవాళ్లుగా, ఇంకో పక్షం మంచివాళ్లుగా కనిపించరు. లంకలో పుట్టి, మావులూ వలలూ తప్ప వేరే బతుకు తెలియని మనిషికి సొంత చెరువు ఆశ కల్పించింది ఎవరు? ఆ గట్టే ఎగువ రైతు చేలో నీళ్లు నిలవడానికి కారణం అవుతోందన్నదీ నిజమే. కాంటూరు సంగతి కోర్టులూ ప్రభుత్వాలూ తేల్చుకుంటాయి. కానీ ఉప్పుటేరు పూడిక తీయడానికీ, పెదఎడ్లగాడి ఖానాల దగ్గర గుర్రపు డెక్క తొలగించడానికీ వ్యతిరేకంగా మాట్లాడే మనిషి నాకు ఏ ఊళ్లోనూ తగల్లేదు. డెల్టా మురుగు నీటి సమస్య మీద మిత్రా కమిటీ వేసింది 1960ల్లో. నా వయసుకి రెండింతలు దాటింది. మా భాషలో చెప్పాలంటే, అంత పాత టికెట్ ఇంకా ఓపెన్‌లో ఉంది. ఏటా వేసవిలో చేయాల్సిన పని ఏటా వరదలో గుర్తొస్తుంది.

ఇంట్లో ఫోన్ తెలిసింది మీకే

ఇది చదువుతున్న వాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పీజీ గదిలో ఉండి ఉంటారు. అమ్మానాన్నలు డెల్టాలో ఎక్కడో. ముసురు కాలంలో మీ ఇంటికి కంట్రోల్ రూమ్ మీరే. కాబట్టి కొన్ని పనికొచ్చే సంగతులు.

మొదటిది, మాటల మెట్లు తెలుసుకోండి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను. గాలి గంటకి 62 కిలోమీటర్లు తాకాకే తుపాను అంటారు, పేరు పెడతారు. కానీ పేరు లేని వాయుగుండం కూడా ఊరు ముంచగలదు. 2020లో ఏలూరుని ముంచింది అదే. పోర్టుల్లో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 10 అంటే అతి పెద్ద ప్రమాదం. మరి 11? హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. గాలి కంటే పెద్ద ప్రమాదం కబురు అందకపోవడమని ఆ నంబర్లు రాసినవాళ్లకి ఎప్పుడో తెలుసు.

రెండోది, మీ ఊరి వాన కంటే ఎగువ వాన చూడండి. ఏలూరు వాళ్లు చింతలపూడి, ఖమ్మం వైపు చూడాలి. లంకల వాళ్లు విజయవాడ, మైలవరం వైపు. గూడెం వాళ్లు జంగారెడ్డిగూడెం వైపు. మౌసమ్, మేఘదూత్ యాప్‌లలో ఇది కనిపిస్తుంది. పిడుగులకి దామిని ఉంది. చేలో ఉన్న మనిషికి ఆ హెచ్చరిక చేరేలా చూడండి. మా ఇంట్లో నియమం ఏంటంటే, ఎగువన వాన ఆగిన రోజు నుంచి మా లెక్క మొదలు. ఎండ కాసిందని సామాన్లు అటక మీంచి దించం.

మూడోది, కరెంటు ఉండగానే చేయాల్సినవి. పవర్ బ్యాంకు నింపడం, పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం ఫోటోలు తీసి మీ ఫోన్లో కూడా పెట్టుకోవడం, ట్యాంకు నింపుకోవడం. కరెంటు ఫిర్యాదుకి 1912, అత్యవసరానికి 112, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకి 1070. ఈ నంబర్లు ఇంట్లో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. మా అమ్మమ్మకి కాంటాక్ట్స్ తెరవడం రాదు, గోడ చదవడం వచ్చు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. దీని కోసమే ఈ వారం ఇంత రాశాను.

పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుంది. ఆ లెక్క రాసేది ఈ-క్రాప్‌లో ఎవరి పేరుంటే వాళ్లకి. కౌలు రైతు తన పేరు ఎక్కించుకోవాలంటే పంట సాగుదారు హక్కుల కార్డు ఉండాలి. 2019 చట్టం కింద ఇచ్చే ఆ కార్డు 11 నెలలు చెల్లుతుంది, దానికి భూమి యజమాని సంతకం కావాలి. అక్కడే బండి ఆగుతుంది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానికి భయం. కార్డు పదకొండు నెలల సాగుకే తప్ప భూమి హక్కుకి సంబంధం లేదని ఆయనకి ఓపిగ్గా చెప్పే మనిషి ఉండడు. అడిగితే వచ్చే ఏడు కౌలుకి ఇవ్వడేమోనని రైతుకి భయం.

మిచౌంగ్ ఏడాది మా మావయ్య పేరు ఏ జాబితాలోనూ లేదు. కౌలు బస్తాలు మాత్రం ముందే మాటయిపోయినవి కాబట్టి కొలిచి ఇచ్చాడు. ఆ సంక్రాంతికి నాతో, 'అల్లుడూ, వచ్చే ఏడు నుంచి కౌలు ఒగ్గేస్తానురా. ఏ రొయ్యల కంపెనీలోనో వాచ్‌మెన్‌గా చేరినా నెలకింత అని వస్తాది కదా' అన్నాడు. మావయ్య అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

2025 జూన్‌లో మా మరదలు ఆ పని తన మీద వేసుకుంది. చట్టంలో ఆ కార్డు గురించి రాసిన పేజీని ప్రింట్ తీసి, భూమి యజమాని ఇంటికి వెళ్లింది. 'పెదనాన్నగారూ, ఇది పదకొండు నెలలకేనండి, ఆ తర్వాత కాగితం చెల్లదండి. ఇక్కడ చదవండి' అని కూర్చోబెట్టి చదివించింది. ఆయన రెండు రోజులు ఆలోచించి పెట్టారు. మంచాయనే. ఇన్నాళ్లూ ఆయనకి ఎవరూ చదివి చెప్పలేదంతే. కార్డు వచ్చింది. రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఈ-క్రాప్‌లో మావయ్య పేరు ఎక్కించి, వేలిముద్ర వేయించి, రసీదు ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య ఆ రసీదుకి లైకులు రాలేదు.

అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. థాయ్‌లాండ్ పెట్టిన పేరు. మావయ్య చేను కంకి మీద ఉంది. పొద్దునకి పడిపోయింది, తర్వాత వారం మామూలే, ముసురు. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు ఈసారి చేను దగ్గర నిలబడ్డ మనిషి పేరూ, ట్యాబులో ఉన్న పేరూ ఒకటే. సచివాలయం గోడ మీద అతికించిన జాబితాలో తన పేరు ఏ వరుసలో ఉందో మావయ్య వేలుపెట్టి వెతుక్కున్నాడు. దొరికాక ఫోటో తీయమన్నాడు.

ఆ రాయితీ పెట్టుబడికి సరిపోదు. పోయిన గింజ తిరిగి రాదు. ఉప్పుటేరు ఇంకా అలాగే ఉంది, వచ్చే ఏడు స్వాతి కార్తెకి బంగాళాఖాతం ఏం పంపిస్తుందో ఏ యాప్‌కీ తెలియదు. కానీ మావయ్య వాచ్‌మెన్ మాట మళ్లీ ఎత్తలేదు. దాళ్వాకి నారుమడి దున్నాడు.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, 'తిన్నారా, వాన పడుతోందా' అని అడుగుతారు కదా. దాని తర్వాత ఇంకొక్కటి కూడా అడగండి: 'నాన్నా, మన చేనుకి ఈ-క్రాప్‌లో ఎవరి పేరుంది?'